డాక్టరు రిచర్డు ఫోల్క్‌మన్ : బిగిసిన కట్టును, బిగుసుకొన్న చేతిని పరిశీలించిన వైద్యుడు

పల్లెటూళ్ళలో బాల్యము చెట్లమీదను బండ్లమీదను గడచును. మామిడికాయల కాలమున కొమ్మ విరిగి పడువారు, చెఱకుబండి వెనుక వ్రేలాడి జారువారు, చింతచెట్టు చిటారుకొమ్మన కాలు తప్పువారు ఏటేట నుందురు. పడునపుడు పిల్లవాడు చేయి ముందునకు చాచును. దేహభారమంతయు ఆ చేతిపై బడి, మోచేతికి కొంచెము పైన దండచేయి యెముక విరుగును. విరిగిన యెముక అతుకుకొనుట ప్రకృతిధర్మము. పిల్లలలో మూడు నాలుగు వారములలోనే అతుకుకొనును. అయినను, ఎముక చక్కగా నతుకుకొనిన పిదప చేయి మాత్రము చెడిపోయినవారు అక్కడక్కడ కనబడుచుందురు. ముంజేయి యెండుకట్టెవలె సన్నబడి, వ్రేళ్ళు గద్దగోళ్ళవలె లోనికి ముడుచుకొని, ముద్ద కలుపుకొనుటకును కలము పట్టుటకును వీలుగాక బ్రదుకంతయు ఎడమచేతితో వెళ్ళదీయుదురు. జనులు దానిని గ్రహచారమందురు, దృష్టిదోషమందురు. అది గ్రహచారము కాదు. కొన్ని గంటలలో జరిగిపోవు భౌతికకార్యము. ఆ గంటలలో మేల్కొన్నచో చేయి దక్కును. ఈ సంగతిని లోకమునకు మొదట స్పష్టముగా విప్పిచెప్పినవాడు జర్మనీ దేశస్థుడగు రిచర్డు ఫోల్క్‌మన్. ఆయన శస్త్రవైద్యుడు మాత్రమే కాడు, పిల్లలకు కథలు వ్రాసినవాడును. గ్రంథాలయమున శాస్త్రముల బీరువాలోను, కథల బీరువాలోను సమానముగా చోటు పొందదగినవాడు.

ఫోల్క్‌మన్ 1830వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన లైప్‌జిగ్ నగరమున జన్మించెను. తండ్రి ఆల్‌ఫ్రెడ్ విల్‌హెల్మ్ ఫోల్క్‌మన్ దేహధర్మశాస్త్రమున ప్రసిద్ధి వహించిన ఆచార్యుడు. గట్టి యెముకలో రక్తనాళములు అడ్డముగా సాగిపోవు సన్నని దారులకు నేటికిని ఫోల్క్‌మన్ కాలువలని ఆ తండ్రి పేరే వ్యవహారములో నున్నది. కుమారుని పేరు నిలిచినదియు రక్తము నడచు దారుల విషయముననే యగుట విశేషము. తండ్రి యుద్యోగమునుబట్టి ఆ కుటుంబము 1837లో రష్యా చక్రవర్తి యేలుబడిలోని డోర్పాట్ నగరమునకును, 1843లో జర్మనీలోని హాలె పట్టణమునకును తరలిపోయెను. హాలె ప్రాచీనకాలమునుండి ఉప్పుబావులకు పేరుపడిన యూరు. దానికొక విశ్వవిద్యాలయము గలదు. ఆ యూరే రిచర్డునకు జీవితాంతము కర్మభూమి యైనది. 1854లో వైద్యపట్టము పొంది, హాలెలోని శస్త్రచికిత్సాలయమున సహాయకుడుగా చేరి, 1867 నాటికి దానికే అధిపతియు, విశ్వవిద్యాలయమున ఆచార్యుడును అయ్యెను. అప్పటికాయన వయస్సు ముప్పదియేడు సంవత్సరములు.

ఆ దినములలో శస్త్రచికిత్సాలయాధిపత్యము సుఖమైన పదవి కాదు. మత్తుమందు వచ్చినందున కోతబాధ తగ్గినదేకాని కోత తరువాత వచ్చు చీముబాధ తగ్గలేదు. ఎముక విరిగి చర్మము చీల్చుకొని బయటకు వచ్చినచో రోగి బ్రదుకుట దైవాధీనముగా నుండెను. చీము రక్తమున గలిసి, చలిజ్వరము పుట్టి, ఒక మంచమునుండి మరియొక మంచమునకు ప్రాకిపోయెడిది. వైద్యుని చేతులే ఆ విషమును మోసెడివని నాటివారు చాలమంది యెఱుగరు.

1866లో ప్రష్యాకును ఆస్ట్రియాకును జరిగిన యుద్ధమున ఫోల్క్‌మన్ క్షతగాత్రులకు చికిత్స చేసెను. 1870లో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చినపుడు సైన్యమునకు సలహాదారుగా నుండు ముఖ్యశస్త్రవైద్యుడై పోయెను. గుండు దెబ్బలకు విరిగిన కాళ్ళుచేతులు వందలకొలది ఆయన కన్నుల యెదుటికి వచ్చినవి. పగలంతయు రంపముతోను కట్టుగుడ్డలతోను గడపిన మనుష్యుడు రాత్రులందు ఏమి చేయును? చాలమంది త్రాగుదురు, కొందఱు నిద్రింతురు. ఈయన పారిసు ముట్టడి సాగుచుండిన చలికాలమున పరాయివారి యిండ్లలో మంటయొద్ద గూర్చుండి, యింటివద్దనున్న తన వారికొఱకు కథలు వ్రాసి సైనికుల తపాలాలో పంపుచుండెను. ఆ కథలు 1871లో గ్రంథరూపమున వెలువడినవి. ఫ్రెంచి చలిమంటల యొద్ద కలలు అని దాని పేరునకు అర్థము. గ్రంథకర్త పేరు రిచర్డు లేయాండర్ అని యుండెను. జర్మను భాషలో ఫోల్క్ అనగా జనము, మన్ అనగా మనుష్యుడు. ఆ రెండు మాటలను గ్రీకులోనికి మార్చుకొని లేయాండర్ అను మాఱుపేరు కల్పించుకొనెను. రోగులు వైద్యుని కథకునిగా తలపరాదని కాబోలు.

ఆ కథలలో రైతులకు నచ్చునది యొకటి గలదు. ఒక బీదరైతునకు ఒకే యొక్క కోరికను దీర్చు నుంగరము దొరకును. దారిలో నొక కంసాలి దాని మహిమ తెలిసికొని, రైతు నిద్రించుచుండగా దానిని తీసి, అటువంటిదే వట్టి యుంగరమును వ్రేలికి తొడుగును. కంసాలి తలుపు బిగించుకొని లక్ష వెండినాణెములు కోరుకొనగా అవి వర్షమువలె కురిసి వానినే పూడ్చివేయును. రైతుకు ఈ సంగతి తెలియదు. కోరిక యొక్కటియే గదా యని, దానిని రేపటికి రేపటికి దాచుకొనుచు, ఈ లోపల కావలసిన పొలమును ఆవును గుఱ్ఱమును కష్టించియే సంపాదించుకొనును. ముసలివాడై చనిపోవువఱకును ఆ వట్టియుంగరము వ్రేలిననే యుండును. కొడుకులు దానితోనే పాతిపెట్టుదురు. ఈ పుస్తకము జర్మనీలో ఇంటింట చదువబడి, అనేకముద్రణములు పొందెను. ఆయన పద్యములను కూడ వ్రాసెను. వానిలో రెండింటికి తరువాతికాలమున గుస్టావ్ మాలర్ అను గొప్ప సంగీతజ్ఞుడు వరుసలు గట్టెను.

యుద్ధమునుండి తిరిగివచ్చునప్పటికి హాలె చికిత్సాలయము చీముజ్వరముతో నిండియుండెను. ఈ దుస్థితిలో ఆయన దృష్టి స్కాట్లండు వైపు మఱలెను. అక్కడ జోసెఫ్ లిస్టర్ అను వైద్యుడు 1865వ సంవత్సరము ఆగస్టులో, గ్లాస్గో నగరమున, బండిచక్రము క్రింద కాలు విరిగి చర్మము చీలిన పదునొకండేండ్ల బాలునకు కార్బాలిక్ ఆమ్లము తడిపిన గుడ్డలతో కట్టుగట్టి, చీము పట్టకుండ కాలు నిలబెట్టెను. ఈ పద్ధతిని 1867లో ప్రకటించెను. స్వదేశమున పెద్దలు దానిని శంకించిరి. ఫోల్క్‌మన్ 1872 చివర దానిని హాలెలో ప్రారంభించెను. తొలుత తానును పూర్తిగా నమ్మలేదు. అయినను పద్ధతిని సగము సగము చేయక, లిస్టర్ చెప్పినది చెప్పినట్లే చేసెను. నమ్మకము లేని పనిని కూడ నియమము తప్పక చేసి ఫలితము చూచినవాడే న్యాయముగా తీర్పు చెప్పగలడు. ఫలితము చూచిన పిమ్మట ఆయన ఆ పద్ధతికి జర్మనీలో ప్రధానప్రచారకు డయ్యెను. ఆ దేశమున శస్త్రవైద్యుల సంఘము 1872లో నేర్పడినపుడు దాని స్థాపకులలో నొకడుగా నుండి, దాని సభలలో తన యనుభవములను వినిపించెను.

అంతకు రెండేండ్ల ముందుగనే, 1870లో, వైద్యోపన్యాసములను ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న పొత్తముగా ముద్రించు మాలికను ఆయన ప్రారంభించియుండెను. పెద్ద గ్రంథము కొనలేని పల్లె వైద్యునకు కూడ క్రొత్త సంగతులు చేరుటకు ఇది సాధనమైనది. హాలె పరిసరములలో బొగ్గునుండి తారును మైనమును తీయు కర్మాగారములు వెలసినవి. వానిలో పనిచేయు కూలీల చర్మమునకు వచ్చు పుండ్లు కాన్సరుగా మాఱుటను 1875లో వర్ణించినవాడును ఈయనయే. ఇవన్నియు గొప్ప పనులే. ఐనను లోకము ఆయనను మఱువకుండుటకు కారణము 1881లో వ్రాసిన కొన్ని పుటల వ్యాసము.

ఆ వ్యాసము పుట్టుటకు పూర్వరంగ మొకటి గలదు. 1852లో మాతైసెన్ అను డచ్చి సైనికవైద్యుడు సున్నపుపిండి వంటి పొడిని గుడ్డకు పట్టించి, తడిపి, విరిగిన యవయవము చుట్టును చుట్టు పద్ధతిని ప్రకటించెను. మనవారు పిండికట్టు అనునది అదియే. అంతకు మునుపు చెక్కబద్దలు, గుడ్డలు ఎక్కువగా వాడుకలో నుండెను. పిండికట్టు రాయివలె గట్టిపడును, ఎముకను కదలనీయదు. కావున ఐరోపా అంతట వ్యాపించెను. కాని ఎముకను కదలనీయని కట్టు వాపునకును చోటీయదు. విరిగిన గంటలోనే గట్టిగా చుట్టినచో, ఆ రాత్రి వాచవలసిన చేయి ఎచటికి వాచును?

చేయి ముడుచుకొనిపోయిన పిల్లలను నాటి వైద్యులును చూచియుండిరి. నరము దెబ్బతిని పక్షవాతము వచ్చినదని వారి యూహ. ఫోల్క్‌మన్ రోగులను వరుసగా పరిశీలించి, ఈ యూహ లెక్కకు సరిపోలేదని కనుగొనెను. నరము తెగినచో చేయి మొదట మెత్తగా వ్రేలాడును. ముడుచుకొనుట నెలల తరువాతి మాట. ఇచ్చటనో, కదలిక పోవుటయు కండరము బిగుసుకొనుటయు ఇంచుమించు ఒక్కసారిగానే వచ్చుచున్నవి. పట్టిచూచినచో కండ కట్టెవలె తగులుచున్నది. కాబట్టి రోగము మొదలైనది కండరములోననియు, దానికి రక్తము చాలసేపు అందకపోవుటచే కండ చచ్చి, పిదప కుంచించుకొనిపోయినదనియు ఆయన నిర్ణయించెను. ఈ రక్తము నాపినదేమి? మిక్కిలి బిగించిన కట్టు. కట్టినదెవరు? వైద్యుడే. ఎముకను బాగుచేయుటకు గట్టిన కట్టే చేతిని చెఱచినదని, అదియు తన వృత్తివారికే చెప్పవలసివచ్చినది. ఆయన వెనుదీయక చెప్పెను. బిగిసిన కట్టును వెంటనే తీయనిచో తరువాత ఎన్ని చికిత్సలు చేసినను ప్రయోజనము స్వల్పమని హెచ్చరించెను. విజయములను ప్రకటించిన వైద్యులు ప్రతి దేశమున నున్నారు. వైద్యముచేతనే కలుగు హానిని ఇట్లు విడదీసి చూపినవారు కొద్దిమంది.

ఈ వ్యాధి నడక తెలియవలెనన్న ముంజేతి నిర్మాణము కొంత తెలియవలెను. ముంజేతిలో రెండెముకలు, వానినడుమ గట్టి పొర యొకటి, చుట్టును కండరములున్నవి. వ్రేళ్ళను ముడుచు కండరములు ముందువైపు ఒక గదిలో నున్నవి. ఆ గదికి గోడలు ఒకవైపు ఎముకలు, మఱియొకవైపు సాగని గట్టి తొడుగు. ఆ గదిలోనుండియే చేతికి పోవు ధమనులు, రక్తమును మఱలించు సిరలు, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని స్పర్శనిచ్చు నరము పోవుచున్నవి. మోచేతి పైభాగమున ఎముక విరిగినపుడు దాని వాడిమొన పెద్ద ధమనిని గ్రుచ్చవచ్చును లేదా నొక్కవచ్చును. అట్లు కాకపోయినను లోపల నెత్తురు కారి వాపు వచ్చును. సిరల గోడలు పలుచన. అవి ముందు నొక్కుకొనిపోవును. ధమని బలముగలది గనుక రక్తమును పంపుచునే యుండును. తూము తెఱచియుండి అలుగు మూసికొనిపోయిన చెరువువలె, నీరు వచ్చుచుండును గాని పోవుటకు దారియుండదు. గదిలో నొత్తిడి పెరిగి, వెండ్రుకకంటె సన్ననగు నాళములు మూతపడును. నరమునకు తిమ్మిరి పట్టును. కండరమునకు ఊపిరి యాడదు. ఇట్లు సుమారు ఆఱుగంటలు గడచినచో కండ మఱల బ్రదుకదు. చచ్చిన కండ క్రమముగా నారగా మాఱి, నానిన తోలు ఎండలో ముడుచుకొన్నట్లు ముడుచుకొని, వ్రేళ్ళను తనతో లాగికొనిపోవును. అట్టి చేతిని మణికట్టు వద్ద లోనికి వంచినచో వ్రేళ్ళు తెఱచుకొనును. మణికట్టును సాచినచో వ్రేళ్ళు మూసికొనిపోవును. కండ పొట్టిదై పోయినదనుటకు ఇది గుర్తు. దీనికి నేటి వైద్యగ్రంథములందు ఫోల్క్‌మన్ పేరే పెట్టబడినది.

కట్టు బిగువును గూర్చిన జ్ఞానము మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితయందు చికిత్సాస్థానమున మూడవ యధ్యాయము విరిగిన యెముకలకే ప్రత్యేకింపబడినది. ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మఱ్ఱి చెట్ల పట్టలును, వెదురును బద్దలుగా నుపయోగింపవచ్చునని అందు గలదు. ఆ పిమ్మట చెప్పినది బంగారమువంటి మాట. కట్టు వదులైనచో ఎముక నిలువదు. మిక్కిలి బిగువైనచో వాపు, నొప్పి, చర్మము పాకమగుట కలుగును. కావున నడిమి బిగువే మేలు. అంతటితో విడువక, కట్టును విప్పి మఱల గట్టుటకు కాలము గూడ నిర్ణయించెను: చలికాలమున ఏడుదినములకు, సమకాలమున అయిదుదినములకు, ఎండకాలమున మూడుదినములకు. వేడికి వాపు త్వరగా వచ్చునని ఆ మహర్షి యెఱుగును. రక్తము నిలిచి కండ చచ్చు క్రమమును ఫోల్క్‌మన్ వివరించెనుగాని, బిగువు కీడని సుశ్రుతుడు ముందే చెప్పియున్నాడు. ఇద్దఱిలో నెవ్వరు గొప్ప యను వాదము పనికిమాలినది.

నేటికిని తెలుగునాట ఎముకల కట్టు వైద్యము జీవించియే యున్నది. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువారు తక్కువ. ఆకు పసరు, గ్రుడ్డుసొన, వెదురుబద్దలు, గుడ్డ — ఇవియే ఆ కట్టునకు సామగ్రి. వంశపరంపరగా చేయి తిరిగినవారి నేర్పు వేరు. చూచి నేర్చితిననుకొని ప్రతి సంతలోను బద్దలు బిగించువాని సాహసము వేరు. ఐనను ఎవరు గట్టిరను ప్రశ్నకంటె, కట్టిన రాత్రి ఎవరు కనిపెట్టియుండిరను ప్రశ్నయే ముఖ్యమైనది. ఆస్పత్రిలో గట్టిన పిండికట్టు లోపలను ఈ కీడు పుట్టవచ్చును. కట్టే లేకుండ, లోపలి వాపుచేతనే పుట్టవచ్చునని ఫోల్క్‌మన్ తరువాతివారు కనుగొనిరి. ఈ యొక్క విషయమున ఆయన కట్టుపై మోపిన నేరము కొంత యెక్కువయే.

గుర్తులు కష్టమైనవి కావు. ఎముక కుదిరిన పిదప నొప్పి గంటగంటకు తగ్గవలెను. తగ్గుటకు మాఱుగ పెరుగుచున్నచో, మందు మ్రింగినను పిల్లవాడు ఊఱుకొనక యేడ్చుచున్నచో, అది మారాము కాదు. ముడిచియున్న వ్రేళ్ళను తల్లి మెల్లగా సాచినచో ముంజేతిలో భరింపరాని నొప్పి పుట్టుట ముఖ్యమైన గుర్తు. తిమ్మిరి, సూదులు గ్రుచ్చినట్లుండుట, స్పర్శ మందగించుట, గోళ్ళు పాలిపోవుటయో నల్లబడుటయో, వ్రేళ్ళు చల్లబడి కదలకుండుట పిదప వచ్చును. మణికట్టు వద్ద నాడి కొట్టుచున్నదిగదా యని ధైర్యపడరాదు. పెద్ద ధమని నడచుచుండగనే చిన్న నాళములు మూతపడియుండవచ్చును. నాడి పోవువఱకు వేచియున్నచో చేయి పోవువఱకు వేచియున్నట్లే. కొన్ని సమయములలో అకస్మాత్తుగా నొప్పి తగ్గి పిల్లవాడు నిద్రించును. నరమే స్పృహ దప్పినందున అట్లు జరుగునేమో యని అప్పుడు మఱింత భయపడవలెను. వ్రేళ్ళను ముట్టి, కదల్పించి చూడవలెను.

చేయవలసినదియు స్పష్టమైనదే. కట్టును, బద్దలను, లోపలి దూదిని గుడ్డను కూడ చర్మము కనబడువఱకు ఒక్కపోగైనను మిగులకుండ విప్పవలెను. పై గుడ్డ సడలించి లోపలి గుడ్డ విడిచినచో ఫలము లేదు. నెత్తుటితో తడిసి ఎండిన గుడ్డ ఇనుపపట్టీవలె బిగియును. మోచేయి మిక్కిలి మడచియున్నచో కొంచెము సాచి, చేతిని గుండె మట్టమున మెత్తనిదానిపై నుంచవలెను. పైకెత్తి కట్టినచో రక్తము ఇంకను తగ్గును. నూనె మర్దనము, కాపడము, మఱల బిగించుట ఎంతమాత్రము కూడదు. ఇవి చేయుచునే ఆస్పత్రికి బయలుదేరవలెను. జహీరాబాదునుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఊరిలోనుండి రహదారికి వచ్చుటయు, ప్రయాణమును కలిసి ఆ యాఱుగంటలలో సగము హరించుకొనిపోవును. తెల్లవాఱిన పిదప చూతమనుకొన్న యింటిలో ఈ లెక్క తప్పును. ఎముక విరుపు కొంచెము కదలినను మఱల సరిచేయవచ్చును. చచ్చిన కండను సరిచేయు విద్య లేదు.

ఆస్పత్రిలో కట్టు విప్పినను గుణము కనబడనిచో శస్త్రవైద్యుడు ముంజేతి చర్మమును, కండలను బంధించు తొడుగును నిలువుగా చీల్చును. చూచువారికి అది ఘోరముగా తోచును. పొడుగైన గాయమును కొన్నిదినములు తెఱచియే యుంచుదురు. కాని గది తలుపు తెఱచినట్లు ఒత్తిడి దిగి, కండ ఎఱుపెక్కును. వాపు తగ్గిన పిదప కుట్టుదురు, లేదా తొడచర్మము నతుకుదురు. సందేహమున్నచోట సూదితో లోపలి యొత్తిడిని కొలుచు సాధనములు నేడున్నవి. స్వస్థుని కండలో అది పాదరసము పది మిల్లీమీటర్లకు మించదు. రక్తపుపోటు యొక్క క్రింది యంకెకు ముప్పది మిల్లీమీటర్ల లోపునకు చేరినచో ప్రమాదము. ఈ న్యాయము కాలికిని వర్తించును. మోకాలి క్రింద ఎముక విరిగినపుడు, బండి క్రింద పిక్క నలిగినపుడు ఇదే కథ నడచును.

ఈ జ్ఞానమంతయు ఒక్కనాట వచ్చినది కాదు. ఫోల్క్‌మన్ సహాయకులలో నొకడగు లేజర్ 1884లో ప్రయోగములు చేసి గురువు మాటను బలపఱచెను. 1906లో హిల్డెబ్రాండ్ ఈ వ్యాధికి ఫోల్క్‌మన్ పేరు పెట్టెను. 1914లో అమెరికా వైద్యుడు మర్ఫీ తొడుగును చీల్చుమని ఉపదేశించెను. 1926లో జెప్సన్ కుక్కలపై ప్రయోగించి, ఒత్తిడిని సకాలమున తొలగించినచో వంకర రాదని నిరూపించెను. అప్పటికే ముడుచుకొన్న చేతులకు 1923లో మాక్సు పేజీ కండను దాని మొదలునుండి విడదీసి క్రిందికి జార్చు శస్త్రమును, 1956లో సెడన్ చచ్చిన కండను తొలగించు శస్త్రమును వివరించిరి. వీనివలన చేతికి కొంత యుపయోగము తిరిగి కలుగును. పూర్వపు చేయి మాత్రము రాదు.

ఫోల్క్‌మన్ కీర్తి 1881 నాటికి మిన్నుముట్టెను. మఱుసటి సంవత్సరము బెర్లిన్ నగరమున ఆచార్యపీఠము ఆయనను వరించి వచ్చెను. రాజధానిలోని ఆ పీఠము జర్మను శస్త్రవైద్యులకు పరమపదము. ఆయన దానిని వలదని హాలెలోనే యుండిపోయెను. 1885లో ప్రభుత్వము ఆయనకు కులీనపదవి నొసగగా పేరునకు ముందు ఫాన్ అను మాట చేరెను. అప్పటికే దేహము శిథిలమగుచుండెను. చాలకాలము వ్యాధిపీడితుడై యుండియు పనిమానలేదు. 1889వ సంవత్సరము నవంబరు 28వ తేదీన, ఏబదితొమ్మిదేండ్ల వయస్సున, యేనా పట్టణమున కన్నుమూసెను.

హాలె చికిత్సాలయము యెదుట 1894లో ఆయన విగ్రహమును నిలిపిరి. కుమారులలో నొకడు హాన్స్ రిచర్డు చిత్రకారుడై పేరుపొంది, తండ్రి యుద్ధభూమినుండి పంపిన కథలకు బొమ్మలు వేసెను. ఆ బొమ్మల పుస్తకము జర్మను పిల్లల చేతులలో ఎన్నో ఏండ్లు తిరుగాడినది.